బావగారి వేడినీటి ఊట

మే 9

గోడ లేచింది. మేస్త్రీ తాపీ కడుక్కుని, మా ఇద్దరి ముఖాలూ ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. మంచివాడు. నేనైతే అనేవాణ్ణి.

ఇకనుంచి అటు బావ, మా అక్క. ఇటు నేను, బావ చెల్లెలు. అంటే మా ఆవిడ. ఒకే రోజు మా అక్కను ఆయనకూ, ఆయన చెల్లెల్ని నాకూ ఇచ్చి చేసిన పెద్దలు, ఈ పెరటికి అడ్డంగా ఒక గోడ లేస్తుందని అనుకుని ఉండరు. అనుకున్నా ఇచ్చి చేసేవారే. వాళ్ళ తొందర వాళ్ళది.

అంతా ఒక టేపు గురించి. బావది సర్వే ఆఫీసులో ఉద్యోగం. ఆయన కొలత టేపు మధ్యలో ఒక జానెడు ముక్క కత్తిరించేసి మళ్ళీ అతికించి పెట్టాను. ఎంత నీటుగా అతికించానో నాకే ముద్దొచ్చింది. ఆయన టేపు చివర అంకె చూస్తాడే తప్ప మధ్యలో చూడడు. సాయంత్రానికల్లా పట్టేసి నన్ను నాలుగు తిట్టి నవ్వుతాడనుకున్నాను. పట్టలేదు. ఆ టేపుతోనే పోయి పై అధికారి ఇంటిస్థలం కొలిచి, "సార్, మీకు జానెడు ఎక్కువే వచ్చింది" అన్నాడు. అధికారి సంబరంగా ఆ జానెడులోకి ప్రహరీ జరిపాడు. పక్కింటాయన లాయరును వెంటబెట్టుకొచ్చాడు. ఇప్పుడు ఆఫీసులో మా బావను "భూమి సాగదీసే సారు" అంటున్నారట.

నేను చేసింది జానెడు. ఆయన కట్టింది ఆరడుగులు. ఎవరిది ఎక్కువో ఎవరైనా చెప్పండి.

దారం పట్టుకుని గీత ఆయనే గీశాడు. అది సరిగ్గా చేపల కుంట నడిమధ్యలోంచి పోయింది. "కొంచెం పక్కకు జరుపుదాం సార్, కుంట పాడవుతుంది" అన్నాడు మేస్త్రీ. "గీత గీతే" అన్నాడు బావ. నీళ్ళలో ఇటుకలు ఎలా పేరుస్తాడు పాపం? తల గోక్కుని, కుంటకు అడ్డంగా ఒక రాతి దూలం వేసి దానిమీద గోడ కట్టాడు. దూలం కింద నీళ్ళలో సందు ఉండిపోయింది. చేపలు అందులోంచి అటూ ఇటూ తిరుగుతున్నాయి. వాటికి సర్వే తెలియదు.

మే 10

బావ మాట్లాడటం లేదు. హాయిగా ఉంది.

మే 11

చాలా హాయిగా ఉంది.

మే 13

చేపల మీద తీర్పు వచ్చింది. మా ఆవిడ మోసుకొచ్చింది.

"చేప ఏ వైపున ఉంటే ఆ వైపు వాళ్ళదట. అన్నయ్య చెప్పమన్నాడు."

"సందులో ఉంటే?"

"తల ఎటుంటే అటట."

ముందే ఆలోచించి పెట్టుకున్నాడు మహానుభావుడు.

"ఇంకో మాట కూడా అన్నాడు. ఈ చేపల్ని చూసుకునే ఇంకా ఈ ఇంట్లో ఉన్నాడట. అవి పోయిన రోజు తన వాటా అమ్మేసి వదినను తీసుకుని వెళ్ళిపోతాడట. అమ్మకం బోర్డు కూడా రాయించి పెట్టుకున్నాడు."

"పొమ్మను. సామాను బండి నేనే మాట్లాడి పెడతా."

మా ఆవిడ నావంక ఒక చూపు చూసింది. అన్నాచెల్లెళ్ళిద్దరికీ అదే చూపు. కొలత తీసుకున్నట్టు ఉంటుంది.

ఆ కుంట మేమిద్దరం కలిసి తవ్వింది. అందులో ఉన్నవన్నీ వేడి దేశాల చేపలు. తోకలకు రంగులద్దినట్టుండే గప్పీలు, బొగ్గుముక్కల్లాంటి మోలీలు. అద్దాల పెట్టెలో పెంచాల్సినవాటిని బావ తెచ్చి పెరట్లో వదిలాడు. వాటికీ ఆకాశం కనపడాలట. పొద్దున్నే గట్టుమీద కూర్చుని వాటికి ఆఫీసు సంగతులన్నీ చెబుతాడు. మనుషులకు చెప్పని మనిషి.

చలికాలం వస్తే ఇద్దరం కలిసి పెద్ద తొట్లలోకి ఎత్తి వాళ్ళ ముందుగదిలో పెట్టేవాళ్ళం. సరే, ఇప్పుడు అవన్నీ ఎందుకు.

మే 26

ఎండ మండిపోతోంది. కుంటలో నీళ్ళు టీ పెట్టుకునేట్టు ఉన్నాయి.

నాదేమో టెంట్లూ కుర్చీలూ లైట్లూ మైకులూ పెద్ద గిన్నెలూ అద్దెకిచ్చే దుకాణం. నాకు నీడకు కొదవా? ఎర్రచారల టెంటు గుడ్డ ఒకటి తెచ్చి నా వైపు నీళ్ళమీద కట్టేశాను. గంటకల్లా చేపలన్నీ నా వైపే. పిలిస్తే వచ్చిన చుట్టాల్లా కింద బారులు తీరి నిలబడ్డాయి.

మధ్యాహ్నానికి బావ తన సర్వే గొడుగు తెచ్చి పాతాడు. సగం అటు పోయాయి. నేను ఐసుగడ్డ దింపాను. తిరిగొచ్చాయి. ఆయన తడిపిన గోనెపట్టాలు పరిచాడు. నేను పెళ్ళిళ్ళలో తిప్పే నిలువు ఫ్యాను పెట్టాను.

"మా అన్నయ్య చేపల్ని లాక్కోవడానికి ఫ్యాను పెట్టారు. ఇంట్లో నాకు ఫ్యాను లేదు" అంది మా ఆవిడ.

"నువ్వు సందులోంచి అటు ఈదిపోతావా ఏం?"

రాత్రి కూర వడ్డించలేదు.

జూన్ 29

వాన. కుంట పొంగి చేపలు పెరట్లోకి వచ్చేశాయి. నేను జల్లెడతో ఇటు, బావ వలతో అటు, గొడుగుల్లేకుండా తడుస్తూ. గట్టు ఎక్కి దిగుతున్నప్పుడల్లా గోడమీద నుంచి ఆయన బట్టతల మాత్రం లేస్తూ మునుగుతూ కనిపించింది.

జూలై 8

ఇవాళ ఒకటి చేశాను. చిన్న స్పీకరుకు గొట్టం తగిలించి, దూలం కింద సందులోంచి అటు పోనిచ్చి, మైకులో గొంతు మార్చి అన్నాను: "బావగారూ... నీళ్ళు మార్చండి బావగారూ... ఊపిరాడటం లేదు..."

బుడగలతో సహా భలే వచ్చింది. ఒకప్పుడైతే బావ పడీ పడీ నవ్వి, పైకి మాత్రం "నీకు సిగ్గులేదురా" అనేవాడు. నేను పాతికేళ్ళుగా వేసే వేషాలన్నిటికీ అసలు ప్రేక్షకుడు ఆయనొక్కడే. మిగతావాళ్ళకు వివరించి చెప్పాలి.

ఇవాళ అటునుంచి వచ్చింది మా అక్క గొంతు.

"ఒరేయ్, ఆయన రాతపూర్వకంగా ఇస్తారట. చేపలు మాట్లాడవని."

నవ్వలేదన్నమాట.

జూలై 9

నవ్వకపోతే నాకేం?

అక్టోబరు 17

రంగుచేపల దుకాణం ఆవిడను కలిశాను. దారిలో ఉంది కాబట్టి. నిజానికి దారిలో లేదు.

"రాత్రిళ్ళు చల్లబడుతున్నాయి. ఇంకా బయటే ఉంచారా? పది రోజులు చలి తగిలిందంటే బిర్రబిగుసుకుపోతాయి. లోపలికి తీసుకోండి" అంది.

ఇంటికొచ్చి మా ఆవిడతో కబురు పంపాను. జవాబు వెంటనే వచ్చింది. చేపలు ఉమ్మడి ఆస్తి అట. లెక్కపెట్టి పంచుకోకుండా కదపడానికి వీల్లేదట.

అక్టోబరు 19

ఇవాళ లెక్క. అటు అక్క, ఇటు మా ఆవిడ లెక్కించాలి. బావ గోడవతల స్టూలు మీద పెన్సిలుతో నిలబడ్డాడు.

"అరవై రెండు" అంది అక్క.

"నలభై... ఆగు వదినా, నీ వైపునుంచి ఇంకో నాలుగొచ్చాయి" అంది మా ఆవిడ.

"అవి నేను లెక్కపెట్టేశానే!"

"మళ్ళీ మొదట్నుంచి" అన్నాడు బావ.

రెండోసారి లెక్క తేలేవేళకు నేను నా వైపు చిటికెడు మేత చల్లాను. చేతులు ఊరుకోవు, ఏం చెయ్యను? మొత్తం ఇటు పరిగెత్తాయి. మూడోసారికి సందుకు అడ్డంగా పీటచెక్క పెట్టారు. అంతా సవ్యంగా జరుగుతోందనుకునేంతలో బావ వైపు ఒక గప్పీ పిల్లల్ని పెట్టడం మొదలెట్టింది. ఈ చేపలు గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లలే. జీలకర్ర గింజల్లా ఒక్కొక్కటే జారిపడుతున్నాయి. అక్క లెక్కపెడుతూనే ఉంది, అది పెడుతూనే ఉంది. ఇంకో పక్క మోలీలు ఆ పిల్లల్ని తింటూనే ఉన్నాయి.

"ఎన్ని?" అన్నాడు బావ.

"ఎప్పటికి ఎన్ని?" అంది అక్క.

బావ పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. లెక్క తేలలేదు కాబట్టి పంపకం లేదు. పంపకం లేదు కాబట్టి చేపలు కదలవు. చలి మాత్రం వస్తోంది.

నవంబరు 14

పొద్దున్న నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయాయి. చేపలు అడుగున ముడుచుక్కూర్చున్నాయి. మేతకు పైకి రావడం లేదు.

నాకేం సంబంధం లేదు. కానీ దుకాణంలో టీ కాచే పెద్ద డ్రమ్ము ఖాళీగానే ఉంది. వంటల పొయ్యి ఉంది. మోటారు ఉంది. కుంటలో నీళ్ళు డ్రమ్ములోకి ఎక్కించి, గోరువెచ్చగా కాచి, మళ్ళీ సన్నని ధారగా కుంటలోకి వదిలాను. డ్రమ్ము మా స్నానాలగది వెనక పెట్టాను. అటునుంచి చూస్తే ఏమీ కనపడదు. ఆవిరి కనిపిస్తే మా ఆవిడ వంటని చెప్పొచ్చు.

నవంబరు 18

చేపలన్నీ నా వైపే! ఒక్కటంటే ఒక్కటి అటు లేదు. కడుపు నిండిపోయింది.

నవంబరు 20

కొంప మునిగింది.

తన వైపు కుంట ఖాళీగా కనిపించింది కదా, చలికి అన్నీ చచ్చి అడుగుకు పోయాయనుకున్నాడు బావ. గోడవైపుకు తిప్పి పెట్టిన బోర్డును వీధివైపుకు తిప్పేశాడు. "ఈ ఇల్లు అమ్మబడును." అక్షరాలు చక్కగా, సమానమైన ఎడంతో ఉన్నాయి. ఆయనే రాసుకున్నట్టున్నాడు.

మా ఆవిడ వంటింట్లో గిన్నెలు తోముతూ ఏడ్చింది. "నా వైపు ఉన్నాయి, బతికే ఉన్నాయి, పోయి చెప్పు" అన్నాను.

చెప్పి తిరిగొచ్చింది. "మీరు ప్లాస్టిక్ చేపలు వదిలి ఉంటారని అన్నయ్య అనుమానం."

అన్యాయం. ప్లాస్టిక్ చేపల సంగతి ఎప్పుడో పెళ్ళైన కొత్తలోది.

నవంబరు 21

రోజంతా చేపల్ని అటు తోలడానికి ప్రయత్నించాను. వలతో తోశాను. చీపురుతో అదిలించాను. మోకాళ్ళలోతు నీళ్ళలో దిగి, చేతులు బారచాపి, కోళ్ళను తోలినట్టు "హుష్, హుష్" అన్నాను. సందుదాకా పోయి, అవతలి నీళ్ళు ముక్కుకు తగలగానే తిరిగొచ్చేస్తున్నాయి. వెచ్చగా ఉన్నచోటు వదిలి ఎవరు పోతారు? తల ప్రాణం తోకకొచ్చింది.

దుకాణం తెరవలేదు. ఎవరో కుర్చీల కోసం వచ్చి, నన్ను చూసి, మాట్లాడకుండా వెళ్ళారట.

నవంబరు 23

బావ ఆఫీసులో, అక్క బజారులో ఉన్న సమయం చూసి, రెండో గొట్టం సందులోంచి వాళ్ళ వైపుకు తోసి, రాళ్ళ కింద దాచాను. ఇప్పుడు రెండు వైపులా వెచ్చన. సాయంత్రానికి సగం చేపలు అటు వెళ్ళి మొప్పలాడించుకుంటూ తిరుగుతున్నాయి.

పోయి చూసుకోవయ్యా నీ ఆస్తి. చూసుకుని ఆ బోర్డు తిప్పెయ్యి.

నవంబరు 24

తిప్పేశాడు! మా ఆవిడ ఇవాళ రెండు కూరలు చేసింది.

డిసెంబరు 5

బావ నీళ్ళలో థర్మామీటరు పెట్టాడు. వేలితో చూసి ఊరుకోవచ్చు కదా? ఊరుకోడు. దారానికి కట్టి, అక్కడొకసారి ఇక్కడొకసారి, మూడు రోజులుగా ముంచుతున్నాడు.

ఇవాళ వంటింటి కిటికీలోంచి అక్క చెప్పింది, కళ్ళు పెద్దవి చేసుకుని: "మీ బావ ఏమంటున్నారో తెలుసా? మన పెరట్లో వేడినీటి ఊట పడిందట!"



నా జీవితంలో ఇంతకన్నా గొప్ప వేషం వెయ్యలేదు. ఇది మాత్రం నేను వేషమనుకుని వెయ్యలేదు. ఎవరితో చెప్పుకోవాలి? బావతోనే చెప్పుకోవాలి.

డిసెంబరు 12

వీధి వీధంతా బావ పెరట్లోనే ఉంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, నడుం నొప్పులవాళ్ళు, ఏ నొప్పీ లేనివాళ్ళు కూడా కుర్చీలేసుకుని కాళ్ళు ముంచుకుని కూర్చుంటున్నారు. కుర్చీలు నా దుకాణంలోవే. అక్క అడిగితే ఇవ్వకుండా ఎలా ఉంటాను?

చేపలు వాళ్ళ కాలివేళ్ళు కొరుకుతుంటే "అబ్బ, నొప్పి లాగేస్తోంది" అంటున్నారు. రిటైరైన పోస్టుమాస్టరు కర్ర అక్కడే మరిచిపోయి నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ కర్రకోసం వచ్చాడు, గోడ పట్టుకుని.

బావ వాళ్ళందరికీ భూమి పొరల గురించి చెబుతున్నాడు. గొంతు బాగా లేచింది. టేపు గొడవ తరవాత ఇంత గొంతు వినలేదు.

గ్యాసు బండ మళ్ళీ అయిపోయింది.

డిసెంబరు 20

ఇవాళ ఒక ఆసామి వచ్చాడు. నొప్పులకు నూనె మర్దనా చేసే వ్యాపారం. అందరూ నూనె డాక్టరంటారు. గట్టుమీద కూర్చుని నీళ్ళు దోసిలితో తీసి వాసన చూశాడు.

"గంధకం! గంధకమండీ ఇది. ఆరోగ్యమంతా ఇక్కడే ఉంది."

గంధకం కాదురా నాయనా, అది నా డ్రమ్ము మసి.

"ఈ ఇల్లు నాకు కావాలి. ఇక్కడ చికిత్సాలయం పెడతాను" అన్నాడు.

బావ గోడవైపు తిరిగాడు. సందులోంచి నాకు ఆయన చెప్పులు మాత్రమే కనిపించాయి.

"ఆలోచిస్తాను. ఇక్కడ నన్ను పట్టుకుని ఉంచేది కూడా ఏమీ లేదు. చేపలంటారా, ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు" అన్నాడు.

డిసెంబరు 21

పొయ్యి ఆపితే చేపలు చస్తాయి, బావ వెళ్ళిపోతాడు. పొయ్యి వెలిగిస్తే ఊట బతుకుతుంది, ఇల్లు అమ్ముడుపోతుంది, బావ వెళ్ళిపోతాడు.

ఇంత మంచి ఇరుకులో నేను ఎవర్నీ పెట్టలేదు ఇప్పటిదాకా. నన్ను నేనే పెట్టుకున్నాను.

డిసెంబరు 23

నిజం చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను.

ముందు మా ఆవిడకు చెప్పాను. స్నానాలగది వెనక్కి తీసుకెళ్ళి డ్రమ్ము చూపించాను.

"అయితే ఊట మీద మీరు ఇంకో వేషం మొదలెట్టారన్నమాట. ఖాళీ డ్రమ్ము తెచ్చిపెట్టి మా అన్నయ్య ఊట నాదే అంటారా?"

"ముట్టుకు చూడు, కాలుతోంది!"

"కాలుతుంది. పొయ్యిమీద పెట్టారు కదా."

ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

డిసెంబరు 24

అక్కకు కిటికీలోంచి చెప్పాను. "ఒరేయ్, జలుబు చేసేట్టుంది, తలకు గుడ్డ కట్టుకో" అని కిటికీ వేసేసింది.

డిసెంబరు 26

మైకులో చెప్పాను. గోడ పక్కన బల్లమీద ఎక్కి, నాలుగు స్పీకర్లు పెట్టి, వీధి మొత్తానికి: "అయ్యా, అమ్మా! ఇది ఊట కాదు! నా టీ డ్రమ్ము! రెండో గొట్టం రాళ్ళ కింద ఉంది, తీసి చూసుకోండి!"

గోడవతల కాళ్ళు ముంచుకున్న వాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

"ఎంత బాగా చెబుతాడో చూడండి. నిజమే అనిపిస్తుంది" అన్నాడు పోస్టుమాస్టరు.

ఒక్కడు కూడా రాయి ఎత్తి చూడలేదు. ఏళ్ళతరబడి కష్టపడి సంపాదించుకున్న పేరు ఇది. దాన్ని ఒక్క నిజంతో పోగొట్టుకోగలనా?

జనవరి 6

ఎల్లుండి నూనె డాక్టరు వచ్చి మాట ఖాయం చేసుకుంటాడట. అక్క గిన్నెలు పాత పేపర్లలో చుడుతోంది. చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

ఎల్లుండి పొద్దున్న పొయ్యి ఆపేస్తాను. ఆయన వచ్చి చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టి పోతాడు. పోగానే మళ్ళీ వెలిగిస్తాను. రెండు మూడు గంటల చలికి చేపలు తట్టుకుంటాయి. తట్టుకోవాలి.

జనవరి 8

దుప్పటి కప్పుకుని రాస్తున్నాను. అక్షరాలు నాకే అర్థంకావడం లేదు. అయినా రాస్తాను.

తెల్లారగానే పొయ్యి ఆపాను. డ్రమ్ము చల్లారే లోపు అందులోని వేడినీళ్ళు కొన్ని గిన్నెతో తోడి పారబోశాను, జాగ్రత్తకోసం. నూనె డాక్టరు పొద్దున్నే వస్తానన్నాడు. రాలేదు. మధ్యాహ్నం దాటింది. రాలేదు. మబ్బు పట్టి గాలి మొదలైంది. సందులోంచి వంగి చూస్తే చేపలు మెల్లమెల్లగా తేలి, పక్కకు ఒరిగి, మళ్ళీ సర్దుకుంటున్నాయి. పొయ్యి దగ్గరికి మూడుసార్లు పోయాను. మూడుసార్లూ అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని తిరిగొచ్చాను.

సాయంత్రం అవుతుండగా దిగబడ్డాడు, ఇద్దరు మనుషులతో. చొక్కా చేతులు మడిచి నీళ్ళలో చెయ్యి ముంచాడు. ముంచినంత వేగంగా తీసేశాడు.

"ఇదేంటండీ? మంచుగడ్డలా ఉంది! నన్ను వెధవను చేద్దామనుకున్నారా?"

"నిన్న వెచ్చగానే ఉంది" అన్నాడు బావ. గొంతు లేదు ఆయనకు.

"ఊటలు సెలవు పెడతాయా? మీ పేరు ముందే విన్నాను లెండి. భూమి సాగదీస్తారటగా. ఇప్పుడు నీళ్ళు కాస్తున్నారా?"

గేటు చప్పుడైంది. నేను గెలిచాను. పొయ్యి దగ్గరికి పరిగెత్తి అగ్గిపుల్ల గీశాను. అటునుంచి బావ కేక వినిపించింది. మాట కాదు, కేక.

"చేపలు!"

ఆ డ్రమ్ము కాగాలంటే గంట పడుతుంది. ఆ గంట వాటికి లేదు. పొయ్యి అలాగే వదిలేసి, చెప్పులతోనే కుంటలోకి దూకాను. అవతల ధబ్‌మని ఇంకో చప్పుడు. బావ. ఆఫీసు బట్టల్లో.

చేపలన్నీ దూలం కిందికి చేరాయి. సరిగ్గా గోడ కింద, సందులో, ఒకదానిమీద ఒకటి ముద్దగా. అక్కడే కాస్త వెచ్చదనం మిగిలి ఉన్నట్టుంది. నాకూ పూర్తిగా అందవు, ఆయనకూ అందవు. గడ్డం నీళ్ళకు ఆనేలా వంగి చెయ్యి లోపలికి పెట్టాను. అవతలి నుంచి ఇంకో చెయ్యి వచ్చి నా వేళ్ళకు తగిలింది. ఆ చెయ్యి కూడా మంచుగడ్డే.

"తొయ్యరా ఇటు!"

"తోస్తున్నా బావా, పట్టుకోండి! ఇదిగో, పట్టుకోండి!"

"ఇదెవరిదిరా, తల ఎటుంది?"

"మీ వైపే ఉంది!"

"నా చేతికి తోకొచ్చింది. నీదే, నువ్వు తీసుకో!"

"అయ్యో, మీదే తీసుకోండి బావా, నాకెందుకు!"

"వాదించకురా వెధవా, చస్తుంది, తియ్యి!"

ఎనిమిది నెలల తరవాత ఆయన నన్ను వెధవా అన్నాడు. నా పళ్ళు కొట్టుకుంటున్నాయి కాబట్టి నవ్వడం కుదర్లేదు.

అక్కా మా ఆవిడా రెండు వైపులా బక్కెట్లు పట్టుకుని నిలబడ్డారు. గోరువెచ్చని నీళ్ళతో సహా. ఇంత త్వరగా వెచ్చని నీళ్ళు ఎక్కడివని నేను అడిగేలోపే అక్క అనేసింది:

"పొద్దున పట్టి పెట్టుకున్నవే. ఇంకా పూర్తిగా చల్లారలేదు. నీ గొట్టం నుంచి రోజూ స్నానానికి పట్టుకుంటున్నా కదా. ఇవాళ ధార సన్నబడుతుంటే ఆఖరి బక్కెట్లు పట్టి కంబళి కప్పి ఉంచా. ఒకటి మీ ఆవిడ పట్టుకెళ్ళింది."

"నీకు తెలుసా?"

"తెలియకేం? గొట్టానికి ఎరుపు చుక్క ఎక్కడిదిరా? నీ కుర్చీలకీ గిన్నెలకీ అన్నిటికీ ఉండే చుక్కే కదా. పోతాయని వేస్తావుగా."

ఎంతమందికి తెలుసో ఈ ఊట సంగతి!

చీకటి పడకముందే చాలా చేపలు బక్కెట్లలో ఉన్నాయి. కొన్ని కదిలాయి. కొన్ని మళ్ళీ కదల్లేదు. నల్ల మోలీల్లో పెద్దది నా అరచేతిలోనే ఆగిపోయింది. దాన్ని అక్కడే పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. గోడవతల బావ ముక్కు చీదుకున్నాడు. చలికే అయ్యుంటుంది.

"బావా, ఊట నాదే" అన్నాను.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటి వారం నుంచే. గోడ దగ్గర వేడి ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. ఏ ఊటైనా ఇటుకల్లోంచి పుడుతుందా?"

"మరి ఆ నూనె డాక్టరు? అమ్మకం?"

లేచి, గోడ పక్కనున్న బల్ల ఎక్కి అవతలికి చూశాను. బట్టతల మీద మిగిలిన నాలుగు వెంట్రుకలు తడిసి నుదుటికి అంటుకుని, పెదాలు నీలంగా, ఎప్పుడూ ఉండే ముఖమే. అందులో అబద్ధం ఉందో నిజం ఉందో పట్టుకోలేకపోయాను. ముఖాలు చదవడమే నా వృత్తి అనుకునేవాణ్ణి.

"అన్నీ పోలేదు" అన్నాడు చివరికి. "చేపలు పోయిన రోజు వెళ్తానన్నాను. అన్నీ పోలేదు. షరతు వర్తించదు."

జనవరి 9

జ్వరం. ఇద్దరికీ.

జనవరి 13

మిగిలిన చేపలు వాళ్ళ ముందుగదిలో తొట్లలో ఉన్నాయి. ఎవరూ లెక్కపెట్టలేదు. వీధి బోర్డును మా అక్క పీకేసి, నీళ్ళు ఎగరకుండా పెద్ద తొట్టి మీద మూతగా వేసింది. అక్షరాలు లోపలివైపుకు. చేపలు చదువుకుంటాయి.

రోజూ వీధి తిరిగి వాళ్ళ ఇంటికి పోయి చూసి రావాలంటే నా కీళ్ళు ఒప్పుకోవడం లేదు. గోడకు దారి పెట్టించమని మా ఆవిడతో కబురు పంపాను. సరేనన్నాడట.

మార్చి 2

మేస్త్రీ వచ్చాడు. మా ఇద్దరి ముఖాలూ చూసి, ఈసారి ఆపుకోలేక, "ముందే కట్టకపోతే సరిపోయేది కదండీ" అన్నాడు. ఇద్దరం ఒకేసారి వాడిమీద విరుచుకుపడ్డాం. మా గోడ గురించి మాట్లాడటానికి వాడెవడు?

బావ దారం పట్టి కొలిచి, గడప సరిగ్గా గీత మీద పడేట్టు గుర్తుపెట్టాడు. సాయంత్రానికి మనిషి పట్టేంత దారి తెరుచుకుంది. ఎండలు మొదలయ్యాయి, చేపల్ని ఎల్లుండి కుంటలో వదలాలి. ద్వారానికి తలుపు ఒక్కటే మిగిలింది.

"తలుపు నా వైపుకు తెరుచుకోవాలి" అన్నాడు బావ.

"నా వైపుకు" అన్నాను నేను.

మార్చి 3

తలుపు సంగతి తేలలేదు. మాటమీద మాట పెరిగింది. ముందు నేను టేపు కత్తిరించడమా, ఆయన గోడ కట్టడమా అన్నదాకా పోయింది. ఇకమీదట ఈ జన్మలో మా ఇద్దరి మధ్య మాటల్లేవు.

ఆ విషయం చెప్పడానికి పొద్దున్నే ఆయనే స్వయంగా ఆ దారిలోంచి వచ్చాడు. చెప్పాడు. చెప్పి కూర్చున్నాడు. టీ అడిగాడు. ఇప్పటికి రెండోసారి అడుగుతున్నాడు, వెళ్ళటం లేదు.